అప్‌గ్రేడ్ మధ్యలో "మీ ఫైలు ఉంచాలా, కొత్తది పెట్టాలా" అని అడిగితే ఏం నొక్కుతున్నారు?

కొత్తసర్వర్ | సోమవారం, రాత్రి 9:14

అందరికీ నమస్కారం. ఒక చిన్న ఆఫీసులో మెయిల్ సర్వర్, వెబ్ సర్వర్ రెండూ నేనే చూసుకుంటున్నాను. నాకంటే ముందు చూసినవాళ్లు పెట్టిన సెట్టింగ్‌లే చాలావరకు ఇంకా నడుస్తున్నాయి. ఇప్పుడు ఆ మెషీన్లలో ఉన్న డెబియన్ లినక్స్‌ని 12 నుంచి 13కి తీసుకెళ్లాలి. అసలు మెషీన్లను ముట్టుకునే ముందు వాటి కాపీలు పక్కన లేపి, వాటి మీద అప్‌గ్రేడ్ చేసి చూశాను.

మధ్యమధ్యలో ఆగి అడుగుతూ వచ్చింది. ఫలానా కాన్ఫిగ్ ఫైలును (ప్రోగ్రాము సెట్టింగ్‌లు రాసి ఉండే ఫైలు) మీరు మార్చారు, ప్యాకేజీ తయారుచేసినవాళ్లూ మార్చారు, ఏది ఉంచమంటారు అని. మొదటి రెండు మూడింటికి తేడాలు తెరిచి చదివాను. తర్వాత ఓపిక అయిపోయి వరసగా "పాతదే ఉంచు" అన్నాను. ఒకచోట మాత్రం, ఇంత పాత ఫైలు ఎందుకులే అని కొత్తది పెట్టమన్నాను.

అయ్యాక చూస్తే, కొత్తది పెట్టమన్నచోట మా అప్‌లోడ్ సైజు పరిమితి ఎగిరిపోయింది. పెద్ద ఫైళ్లు ఏవీ ఎక్కడం లేదు. పాతది ఉంచమన్న డవ్‌కాట్, అంటే మెయిల్ పెట్టెలు చూసుకునే ప్రోగ్రాము, అసలు లేవనే లేదు. అంటే ఉంచినా తప్పే, మార్చినా తప్పే. మరి ఏం నొక్కాలి? వచ్చే శనివారం అసలు మెషీన్ల మీద చేయాలి. చాలా టెన్షన్‌గా ఉంది.

పాతటెర్మినల్ | సోమవారం, రాత్రి 9:51

ముందు కాపీ మీద చేసి చూశారు కదా, సగం పని అయినట్టే. టెన్షన్ పడకండి.

ఆ ప్రశ్న ఎప్పుడు వస్తుందో తెలిస్తే ఏం నొక్కాలో తేల్చుకోవడం తేలికవుతుంది. డెబియన్‌లో ప్యాకేజీలు ఇన్‌స్టాల్ చేసే డీపీకేజీ దగ్గర ప్రతి కాన్ఫిగ్ ఫైలుకీ ఒక చెక్‌సమ్ (ఫైలు మారిందో లేదో చెప్పే వేలిముద్ర లాంటి సంఖ్య) రాసి ఉంటుంది. అది మీ డిస్క్ మీద ఇప్పుడున్న ఫైలుది కాదు, పోయినసారి ప్యాకేజీలో వచ్చిన ఫైలుది. అప్‌గ్రేడ్ అప్పుడు మూడింటిని పోలుస్తుంది: పోయినసారి ప్యాకేజీతో వచ్చింది, ఇప్పుడు డిస్క్ మీద ఉన్నది, కొత్త ప్యాకేజీలో వస్తున్నది.

మీరు ఆ ఫైలును ముట్టుకోకపోతే, కొత్తది వచ్చి కూర్చుంటుంది. మిమ్మల్ని అడగదు. మీరు మార్చారు కానీ ప్యాకేజీలో ఫైలు మారలేదు అంటే మీదే ఉంటుంది. అప్పుడూ అడగదు. ఇద్దరూ మార్చినప్పుడు మాత్రమే, ఆ రెండు ఫైళ్లూ ఒకటి కానప్పుడు మాత్రమే అడుగుతుంది. కాబట్టి ఆ ప్రశ్న కనబడిందంటే, "ఇక్కడ రెండు వైపులా పని జరిగింది, ఎవరి పని పోయినా నష్టమే" అని అది మీకు చెబుతోందన్నమాట.

చెక్‌సమ్‌కి అర్థం తెలియదు. ఒక కామెంట్ మార్చినా, ఎడిటర్ చివరి ఖాళీ లైను తీసేసినా అది మార్పే. అందుకే డీ నొక్కి తేడాలు చూడాలి. చాలాసార్లు మీ మార్పు ఒక్క లైనే ఉంటుంది.

నేను చేసేది ఇది: ఆ సమయంలో ఎన్ నొక్కుతాను. అప్పుడు నా ఫైలు అలాగే ఉంటుంది, కొత్తది పక్కనే .డీపీకేజీ-డిస్ట్ అనే తోకతో పడి ఉంటుంది. వై నొక్కితే కొత్తది అమల్లోకి వచ్చి, నాది .డీపీకేజీ-ఓల్డ్‌గా పక్కకి పోతుంది. ఏది నొక్కినా రెండోది చెడిపోదు. మీ అప్‌లోడ్ పరిమితి కూడా ఆ .డీపీకేజీ-ఓల్డ్ ఫైల్లో ఉంటుంది, ఇప్పుడే వెళ్లి తీసుకోండి. అదే ఫైలుకి ఇంకోసారి వై నొక్కితే ఈ పాత కాపీ పోతుంది.

కొత్తసర్వర్ | సోమవారం, రాత్రి 10:03

ఉంది! ఆ ఒక్క లైనూ తెచ్చి పెట్టాను, అప్‌లోడ్‌లు పనిచేస్తున్నాయి. చాలా థాంక్స్ అండి. డవ్‌కాట్ సంగతేంటి మరి?

ప్యాకేజీపని | సోమవారం, రాత్రి 11:20

డవ్‌కాట్ విషయంలో మీరు ఏ బటన్ నొక్కినా చేత్తో పని తప్పేది కాదు. డెబియన్ 13లో ఉన్నది 2.4 వెర్షన్. దాని కాన్ఫిగ్ రాసే పద్ధతి 2.3తో కలవదు. ఫైల్లో మొట్టమొదటి సెట్టింగ్‌గా కాన్ఫిగ్ వెర్షన్ ఏదో రాసి ఉండాలి, లేకపోతే అది లేవదు. పాత పద్ధతితో కలవదన్న మాట డెబియన్ 13 విడుదల నోట్స్‌లోనే ఉంది. ఇలాంటివి ప్రతి పెద్ద అప్‌గ్రేడ్‌లో ఒకటో రెండో ఉంటాయి. అపాచీ 2.2 నుంచి 2.4కి మారినప్పుడు కూడా ఎవరికి అనుమతి ఉందో చెప్పే లైన్లు రాసే తీరే మారిపోయింది. అందుకే విడుదల నోట్స్‌లో "తెలిసిన సమస్యలు" అనే భాగాన్ని అప్‌గ్రేడ్‌కి ముందు పూర్తిగా చదవమని అందరికీ చెబుతాను.

మీకు ఇప్పుడు పనికొచ్చేది ఒకటి చెబుతాను. ఇంకా 12 మీదే ఉన్న అసలు మెషీన్‌లో "డవ్‌కాన్ఫ్ -ఎన్" నడపండి. డిఫాల్ట్‌కి భిన్నంగా ఉన్న సెట్టింగ్‌లు మాత్రమే చూపిస్తుంది. వందల లైన్ల ఫైళ్లలోంచి మీకు కావలసినవి ఒకటి రెండు పేజీల్లో దొరుకుతాయి. దాన్ని చేతిలో పెట్టుకుని కొత్త ఫైలు మీద మొదటి నుంచి రాయండి. పాత ఫైలుకి అతుకులు వేయడం కంటే ఇదే తొందరగా అవుతుంది. మెయిల్ పంపే పోస్ట్‌ఫిక్స్ కూడా ఉంటే "పోస్ట్‌కాన్ఫ్ -ఎన్" దాదాపు ఇలాంటిదే, దాని మెయిన్ ఫైల్లో విడిగా రాసి ఉన్న సెట్టింగ్‌లు మాత్రమే చూపిస్తుంది.

నేను కొన్ని ప్యాకేజీలకు మెయింటైనర్‌ని. మా వైపు నుంచి ఒక మాట. డెబియన్ విధాన పత్రం ఈ విషయంలో కచ్చితంగా ఉంటుంది. అడ్మిన్ చేసిన మార్పులు అప్‌గ్రేడ్‌లో నిలవాలి. ప్యాకేజీని తీసేసినా కాన్ఫిగ్ ఉండాలి, పూర్తిగా తుడిచేయమని, అంటే పర్జ్ చేయమని, అడిగితేనే పోవాలి. మీరు కావాలని డిలీట్ చేసిన కాన్ఫిగ్ ఫైలును కూడా డీపీకేజీ మీ నిర్ణయంగానే చూస్తుంది. అప్‌గ్రేడ్‌లో తిరిగి తెచ్చి పెట్టదు. "ఫైలు చెడిపోయింది, తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే వస్తుంది" అనుకుని చాలామంది ఇక్కడే చిక్కుకుంటారు. అది రావాలంటే ఫోర్స్-కాన్ఫ్‌మిస్ అని విడిగా చెప్పాలి.

ఇంకో సంగతి. మిమ్మల్ని రెండు రకాల తెరలు అడిగి ఉంటాయి. నల్ల తెర మీద వై, ఎన్, డీ, జెడ్ అని అడిగేది డీపీకేజీ. నీలం పెట్టెలో వరసగా ఎంపికలు చూపించేది యూసీఎఫ్. ఇన్‌స్టాల్ సమయంలో స్క్రిప్ట్ పుట్టించే ఫైళ్లకు రెండోది వాడతాం. ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి లాగిన్ అయ్యే పద్ధతి) సర్వర్ ఫైలు, మెషీన్‌ని బూట్ చేసే గ్రబ్ డిఫాల్ట్ ఫైలు ఇలాంటివే. వాటి కాపీలకు తోక .యూసీఎఫ్-డిస్ట్, .యూసీఎఫ్-ఓల్డ్ అని ఉంటుంది. వెతికేటప్పుడు రెండు తోకలూ వెతకండి.

రాత్రిడ్యూటీ | మంగళవారం, ఉదయం 6:38

ఒక్క మెషీన్ ఉన్నవాళ్లకి ఇదంతా బాగుంది. నా దగ్గర అరవై దాకా ఉన్నాయి. ప్రతిదాని ముందూ కూర్చుని డీ నొక్కి చదవడం కుదరదు. డీపీకేజీకి ఫోర్స్-కాన్ఫ్‌డెఫ్, ఫోర్స్-కాన్ఫ్‌ఓల్డ్ అనే ఆప్షన్లు రెండూ పెట్టేసి వదిలేస్తాను. డిఫాల్ట్ ఉన్నచోట డిఫాల్ట్, లేనిచోట పాతది. ఏ రాత్రీ ఏదీ ఆగదు. చాలా మెషీన్లను ఒకేసారి నడిపే యాన్సిబుల్‌లో, ప్యాకేజీలు పెట్టే ఏపీటీ మాడ్యూల్ కూడా మనం ఏమీ చెప్పకపోతే ఈ రెండే వాడుతుంది. అంటే ఇది అందరూ నడిచే దారే.

కొత్తగా ఆటోమేషన్ రాసేవాళ్లకు ఒక హెచ్చరిక. ఫ్రంటెండ్‌ను నాన్‌ఇంటరాక్టివ్ అని పెడితే చాలు అనుకోకండి. అది డెబ్‌కాన్ఫ్ ప్రశ్నలకే, అంటే నీలం పెట్టెలో వచ్చేవాటికే, వర్తిస్తుంది. యూసీఎఫ్ దాన్ని గౌరవించి పాతది ఉంచేస్తుంది. డీపీకేజీ సొంతంగా అడిగే ప్రశ్న మాత్రం వస్తుంది. జవాబు చెప్పేవాళ్లు లేక, ఇన్‌పుట్ అయిపోయిందని ఎర్రర్ ఇచ్చి, ప్యాకేజీ కాన్ఫిగర్ పూర్తికాకుండానే ఆగిపోతుంది. తెల్లవారుజామున అలాంటివి ఎన్ని సరిచేశానో నాకు తెలుసు.

పాతటెర్మినల్ | మంగళవారం, ఉదయం 8:10

@రాత్రిడ్యూటీ మీరు చేసేది తప్పనను. అరవై మెషీన్లకి ఆ రెండు ఆప్షన్లు కావాల్సిందే. కానీ "వదిలేస్తాను" అన్నారు చూడండి, అక్కడే నాకు పేచీ.

పాతదే ఉంచు అని చెప్పిన ప్రతిసారీ కొత్త ఫైల్లో వచ్చిన మార్పులు మీ మెషీన్‌లోకి రావు. ఒకసారి రాకపోతే ఏమీ కాదు. మూడు విడుదలలు దాటాక మీ దగ్గర ఉన్నది ఆరేళ్ల కిందటి ఫైలు, నడుస్తున్నది ఈనాటి ప్రోగ్రాము. తీసేసిన ఆప్షన్లు ఇంకా అందులో ఉంటాయి. బలహీనమని పక్కన పెట్టిన ఎన్‌క్రిప్షన్ పద్ధతులు మీ ఫైల్లో పేరుపెట్టి రాసి ఉంటే, కొత్త డిఫాల్ట్ వచ్చినా వాటినే వాడుతుంది. సర్వీసు నడుస్తూనే ఉంటుంది కాబట్టి ఎవరికీ తెలియదు.

ఇంకోటి గమనించారా? అప్‌డేట్‌లను దానంతటదే పెట్టే అన్‌అటెండెడ్ అప్‌గ్రేడ్స్‌కి మీరు ఆ ఫోర్స్ ఆప్షన్లు చెప్పని మెషీన్లలో, కాన్ఫిగ్ ప్రశ్న వచ్చేలా ఉన్న ప్యాకేజీని అది ముట్టుకోదు. చేత్తో చేయాలి అని లాగ్‌లో రాసి వదిలేస్తుంది. అంటే ఎప్పుడో చేసిన ఒక చిన్న ఎడిట్ వల్ల సెక్యూరిటీ అప్‌డేట్ ఆగిపోయే అవకాశం ఉంది. ఆ లాగ్ చదివే అలవాటు లేకపోతే అది ఆగిందన్న సంగతే తెలియదు.

నేను కోరేది ఒక్కటే. రాత్రి పాతదే ఉంచండి. మరుసటి రోజు ఆ అరవైలో .డీపీకేజీ-డిస్ట్, .యూసీఎఫ్-డిస్ట్ ఫైళ్లు ఎక్కడెక్కడ ఉన్నాయో ఒక లిస్టు తీయండి. మెషీన్లు అరవై ఉన్నా, వేర్వేరు ఫైళ్లు ఐదారుకి మించి తేలవు. ఆ ఐదారు చదివితే చాలు.

రాత్రిడ్యూటీ | మంగళవారం, ఉదయం 8:32

లిస్టు తీశాను. మొత్తం 214 ఫైళ్లు ఉన్నాయి. వేర్వేరు పేర్లు తొమ్మిదే. ఇంతకుముందే చూసి ఉండాల్సింది, ఒప్పుకుంటున్నాను. ఈ వారం కూర్చుంటాను.

తాజావెర్షన్ | మంగళవారం, మధ్యాహ్నం 1:05

డెబియన్ కాని మెషీన్లు వాడేవాళ్లూ ఈ చర్చ చదువుతారు కాబట్టి మిగతా చోట్ల ఎలా ఉంటుందో కూడా రాస్తాను. నేను ఆర్చ్ లినక్స్ వాడతాను. పనిలో ఆర్‌పీఎం ప్యాకేజీలు వాడే మెషీన్లు (రెడ్‌హ్యాట్, ఫెడోరా లాంటివి) ఉంటాయి.

ఆర్చ్‌లో ప్యాకేజీలు పెట్టే ప్యాక్‌మ్యాన్ కూడా అవే మూడింటిని పోలుస్తుంది, కానీ అడగదు. ఇద్దరూ మార్చి ఉంటే మీది ఉంచి, కొత్తది .ప్యాక్‌న్యూ అని పక్కన పెట్టి, తెర మీద ఒక హెచ్చరిక లైను వేసి ముందుకు పోతుంది. రోలింగ్ పద్ధతిలో వారానికోసారి అప్‌డేట్ చేస్తాం కాబట్టి వచ్చినప్పుడల్లా ప్యాక్‌డిఫ్ నడిపి సరిచేస్తాను. ఒక్కొక్కటి రెండు నిమిషాలు పడుతుంది. రెండేళ్లవి ఒకేసారి చేయడం కంటే నాకు ఇదే నయం.

ఆర్‌పీఎం కూడా అడగదు. అయితే అక్కడ తీర్పు ప్యాకేజీ చేసినవాళ్ల చేతిలో ఉంటుంది. కాన్ఫిగ్ అని మాత్రమే రాస్తే, ఇద్దరూ మార్చినప్పుడు కొత్తది అమల్లోకి వస్తుంది, మీది .ఆర్‌పీఎంసేవ్ అవుతుంది. నోరిప్లేస్ అని చేర్చి రాస్తే మీది ఉంటుంది, కొత్తది .ఆర్‌పీఎంన్యూగా పడుతుంది. ఈ రెండు తోకలనీ ఒకేలా చూడకండి. న్యూ కనబడితే తీరిగ్గా చదవొచ్చు, ఎందుకంటే నడుస్తున్నది మీ ఫైలే. సేవ్ కనబడితే మాత్రం ఆ క్షణం నుంచి మీ సెట్టింగ్‌లు అమల్లో లేవు. అప్‌గ్రేడ్ అవగానే నేను వెతికేది సేవ్ ఫైళ్లనే. డెబియన్‌లో .డీపీకేజీ-ఓల్డ్‌కి కూడా ఇదే వర్తిస్తుంది. ఆర్‌పీఎంకాన్ఫ్ అనే టూల్ ఇవన్నీ ఒక్కొక్కటిగా చూపించి అడుగుతుంది, బాగుంటుంది.

జెంటూలో అయితే డిస్పాచ్-కాన్ఫ్. ఫ్రీబీఎస్‌డీలో బేస్ సిస్టమ్‌కి ఈటీసీఅప్‌డేట్, ఇది మూడువైపుల మెర్జ్ చేస్తుంది, అంటే పాతది, మీది, కొత్తది పోల్చి మార్పులను కలిపేస్తుంది.

మూడోకన్ను | మంగళవారం, రాత్రి 7:47

మూడువైపుల మెర్జ్ మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. యూసీఎఫ్ పెట్టెలో కూడా కొన్ని ఫైళ్లకు ఆ ఎంపిక ఉంటుంది. గొడవ లేకుండా కలిసిపోయింది కదా అని నమ్మకండి. మెర్జ్ చూసేది లైన్లను మాత్రమే. మీరు ఫైలు చివర ఒక సెట్టింగ్ చేర్చారు, వాళ్లు అదే సెట్టింగ్‌ని పైన వేరే విలువతో చేర్చారు అనుకోండి. లైన్లు వేర్వేరు చోట్ల ఉన్నాయి కాబట్టి రెండూ హాయిగా కలిసిపోతాయి. ఇప్పుడు ఏది నెగ్గుతుంది? అది ఆ ప్రోగ్రాము ఇష్టం.

ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. కెర్నెల్ సెట్టింగ్‌లు రాసే సిస్‌సీటీఎల్ ఫైళ్లలో చివర చదివింది నెగ్గుతుంది. ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్‌లో మొదట చదివిందే నెగ్గుతుంది, తర్వాత ఎన్నిసార్లు రాసినా లెక్కలోకి రాదు. "నా మాటే చివరి మాట కావాలి" అని ఫైలు పేరు 99తో మొదలుపెట్టి డైరెక్టరీలో పెడతారు. క్లౌడ్ ఇమేజ్ నుంచి వచ్చిన 50 నంబర్ ఫైలు అప్పటికే పాస్‌వర్డ్ లాగిన్ గురించి ఏదో చెప్పేసి ఉంటుంది. ఇక 99 మాట వినేవారే లేరు.

నన్నడిగితే అసలు సమాధానం వై, ఎన్ దగ్గర లేదు. ప్యాకేజీ ఇచ్చిన ఫైలును ముట్టుకోకుండా ఉండగలిగితే ఆ ప్రశ్నే రాదు. ఈమధ్య చాలా ప్రోగ్రాములు పక్కన ఒక .డీ డైరెక్టరీ ఇస్తున్నాయి. మీ మూడు లైన్లు అందులో సొంత ఫైల్లో పెట్టండి. మెయిన్ ఫైలు వాళ్లది, ఈ చిన్న ఫైలు మీది. ఒక ఫైలుకి ఒకే యజమాని ఉంటే అప్‌గ్రేడ్‌లో గొడవకి తావుండదు. సర్వీసులను నడిపే సిస్టమ్‌డీ దీన్ని మొదటి నుంచీ పాటిస్తోంది. ప్యాకేజీ యూనిట్లు (సర్వీసుని ఎలా నడపాలో చెప్పే ఫైళ్లు) యూఎస్‌ఆర్ డైరెక్టరీ కింద ఉంటాయి, మీ మార్పులు కాన్ఫిగ్ ఫైళ్లుండే ఈటీసీ డైరెక్టరీ కింద ఉంటాయి. "సిస్టమ్‌సీటీఎల్ ఎడిట్" అంటే మీ ముక్క మాత్రమే తెరుస్తుంది. ఎక్కడెక్కడ ఏం మార్చారో "సిస్టమ్‌డీ-డెల్టా" చూపిస్తుంది. ఒక్క జాగ్రత్త: సర్వీసు ఏ కమాండ్‌తో మొదలవ్వాలో చెప్పే ఎగ్జెక్‌స్టార్ట్ మార్చాలంటే ముందు దాన్ని ఖాళీగా ఒక లైను రాసి, తర్వాతి లైన్లో కొత్త కమాండ్ రాయాలి. లేకపోతే అది రెండోది చేరుస్తున్నారనుకుని, మామూలు సర్వీసుకి ఒప్పుకోదు.

ప్యాకేజీపని | మంగళవారం, రాత్రి 8:29

@మూడోకన్ను చెప్పినదానితో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. ఒక చేర్పు ఉంది. ఏ .డీ డైరెక్టరీ ఏ పేర్లను చదువుతుందో ముందు తెలుసుకోండి. సుడో అనుమతులు రాసే సుడోయర్స్ డైరెక్టరీలో పేరులో చుక్క ఉంటే ఆ ఫైలును చదవదు, ఎర్రర్ కూడా ఇవ్వదు. ఇతర చోట్ల అలవాటుతో .కాన్ఫ్ అని తోక పెట్టామా, రాసిందంతా వృథా. ఏపీటీ డైరెక్టరీలో తోక నచ్చకపోతే కనీసం ఫలానా ఫైలు వదిలేస్తున్నానని చెబుతుంది. ఎన్‌జింక్స్ వెబ్ సర్వర్ డెబియన్ ప్యాకేజీలో దీనికి పూర్తి వ్యతిరేకం: సైట్స్-ఎనేబుల్డ్‌లో ఏ పేరుతో ఏది ఉన్నా చదివేస్తుంది. ఎడిట్ చేసే ముందు అక్కడే ఒక .బ్యాక్ కాపీ తీసుకున్నామంటే అదీ ఒక సైటే దానికి. డిఫాల్ట్ సర్వర్ రెండుసార్లు ఉందని ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. కాపీలు ఆ డైరెక్టరీ బయట పెట్టుకోండి.

పీహెచ్‌పీ వాడేవాళ్లకు కూడా ఒక మాట. డెబియన్‌లో దాని కాన్ఫిగ్ డైరెక్టరీ పేరులోనే వెర్షన్ ఉంటుంది. కొత్త వెర్షన్ వచ్చినప్పుడు కొత్త డైరెక్టరీ పుడుతుంది, అందులో అన్నీ డిఫాల్ట్‌లే. మీ పాత మార్పుల గురించి ఎవరూ అడగరు, ఎందుకంటే ఆ ఫైలు వేరే, ఈ ఫైలు వేరే. మీరే గుర్తుపెట్టుకుని తేవాలి.

కొత్తసర్వర్ | మంగళవారం, రాత్రి 9:40

ఇవన్నీ చదువుతుంటే నా అసలు సమస్య వేరే అనిపిస్తోంది. ఆ మెషీన్లలో ఏం మార్చారో నాకు తెలియదు. మార్చినవాళ్లు వెళ్లిపోయారు. నోట్స్ లేవు. ఫైలు తెరిచి చూస్తే ఏ లైను ప్యాకేజీది, ఏ లైను మాది అని ఎలా చెప్పగలను?

పాతటెర్మినల్ | మంగళవారం, రాత్రి 10:26

అది తవ్వి తీయొచ్చు. నేను ఇలాంటివి చాలా చేశాను, ఒక సాయంత్రం పని.

ముందు ఏ ఫైళ్లు మారాయో తెలియాలి. డెబ్‌సమ్స్ ప్యాకేజీ పెట్టుకుని "డెబ్‌సమ్స్ -సీఈ" నడపండి. మారిన కాన్ఫిగ్ ఫైళ్ల పేర్లు మాత్రమే ఇస్తుంది. వందల ఫైళ్లలో పదో పదిహేనో తేలతాయి. యూసీఎఫ్ చూసుకునేవి ఇందులో రావు. వాటి చెక్‌సమ్‌లు వార్, లిబ్, యూసీఎఫ్ కింద విడిగా ఉంటాయి. ఎస్‌ఎస్‌హెచ్ ఫైలు అందులోదే కాబట్టి మర్చిపోకండి. ఆర్‌పీఎం మెషీన్లలో అయితే "ఆర్‌పీఎం -వీఏ" నడిపి, సీ గుర్తు ఉన్న లైన్లు చూడాలి.

తర్వాత ఆ ఒక్కొక్క ఫైలుకి కన్నతల్లి కాపీ కావాలి. ఇప్పుడు ఇన్‌స్టాల్ అయి ఉన్న వెర్షన్ ప్యాకేజీనే "ఏపీటీ డౌన్‌లోడ్"తో తెచ్చుకుని, "డీపీకేజీ-డెబ్ -ఎక్స్"తో ఒక ఖాళీ డైరెక్టరీలోకి విప్పండి. ఇది ఇన్‌స్టాల్ చేయదు, ఊరికే విప్పుతుంది. ఇప్పుడు దానికీ మీ ఫైలుకీ డిఫ్ (రెండు ఫైళ్ల తేడా) తీస్తే కనబడే లైన్లలో చాలావరకు మనుషులు చేసిన మార్పులే. శనివారం రాబోయే కొత్త ప్యాకేజీని కూడా ఇలాగే ముందే తెచ్చి విప్పి పెట్టుకోండి. అప్పుడు కలిపిన ఫైలును ఇప్పుడే తీరిగ్గా తయారుచేసుకోవచ్చు.

ఇంత ముందస్తు ఎందుకంటే, ఆ ప్రశ్న వచ్చేసరికి కొత్త ప్రోగ్రాము ఫైళ్లు డిస్క్ మీదకి దిగిపోయి ఉంటాయి. కొన్ని ప్యాకేజీల్లో సర్వీసు అప్పటికే ఆగి ఉంటుంది. మీరు తెర ముందు కూర్చుని ఆలోచించే ప్రతి నిమిషం మెయిల్ ఆగిన నిమిషమే కావచ్చు.

టీమక్స్ లోపలే అప్‌గ్రేడ్ మొదలుపెట్టండి, కనెక్షన్ తెగినా అందులో పని ఆగదు. అది లేకుండా, ప్రశ్న తెర మీద ఉండగా కనెక్షన్ తెగితే సగంలో ఆగుతుంది. ఆగినా కంగారు లేదు, "డీపీకేజీ --కాన్ఫిగర్ -ఏ" అంటే సగంలో ఉన్న ప్యాకేజీల కాన్ఫిగర్ పని పూర్తిచేస్తుంది.

మూడోకన్ను | మంగళవారం, రాత్రి 10:58

దీనికి తోడు ఈటీసీకీపర్ ఈరోజే పెట్టుకోండి, శనివారం దాకా ఆగకండి. ఈటీసీ మొత్తాన్ని గిట్‌లో (ఫైళ్ల మార్పుల చరిత్రను దాచే టూల్) పెడుతుంది. ప్యాకేజీ పని మొదలయ్యే ముందు ఒక కమిట్ (అప్పటి స్థితి నమోదు), అయ్యాక ఒక కమిట్ దానంతటదే చేస్తుంది. అప్‌గ్రేడ్ ఏం మార్చింది, మనం ఏం మార్చాం అనేది విడివిడిగా కనబడుతుంది. గిట్ గుర్తుంచుకోని ఫైలు అనుమతులను కూడా పక్కన రాసి పెడుతుంది. మీరు చేత్తో మార్చినప్పుడల్లా "ఎందుకు" అనేది కమిట్ మెసేజ్‌లో రాయండి. ఏం మార్చామో డిఫ్ చెబుతుంది, ఎందుకు మార్చామో ఏ డిఫ్ చెప్పదు.

ఆ రిపోలో పాస్‌వర్డ్ హాష్‌లు, ప్రైవేట్ కీలు కూడా ఉంటాయి. బయటి సర్వర్‌కి పుష్ చేయాలనుకుంటే రెండుసార్లు ఆలోచించండి.

కొత్తసర్వర్ | గురువారం, రాత్రి 11:15

రెండు రోజులు ఇదే పని. వివరంగా రాస్తాను, ఇంకెవరికైనా ఉపయోగపడొచ్చు.

మారిన ఫైళ్లు మొత్తం 11 తేలాయి. అందులో నాలుగు కేవలం కామెంట్లు, ఖాళీ లైన్లు. వాటికి ప్యాకేజీ ఫైలే తిరిగి పెట్టేశాను, ఇక వాటి గురించి ప్రశ్నే రాదు. మూడింటిలో మార్పులను .డీ డైరెక్టరీలోకి తరలించి, మెయిన్ ఫైలును మొదటి రూపానికి తెచ్చాను. డవ్‌కాట్ @ప్యాకేజీపని గారు చెప్పినట్టే కొత్తగా రాశాను, టెస్ట్ మెషీన్‌లో మెయిల్ వస్తోంది, పోతోంది. 400 లైన్లు అనుకున్నది చివరికి 40 లైన్లు కూడా లేదు.

అసలు చెప్పాల్సింది ఎస్‌ఎస్‌హెచ్ గురించి. .డీ డైరెక్టరీలో నాకంటే ముందువాళ్లు పెట్టిన ఫైలు ఒకటి కనబడింది. పాస్‌వర్డ్ లాగిన్ వద్దు, కీతోనే రావాలి అని చక్కగా రాసి ఉంది. చూసి సంతోషించాను. తర్వాత మెయిన్ ఫైలుకి కన్నతల్లి కాపీతో డిఫ్ తీస్తే, ప్యాకేజీ ఫైల్లో పైనే ఉన్న ఇన్‌క్లూడ్ లైను, అంటే .డీ డైరెక్టరీలోని ఫైళ్లు కూడా చదవమని చెప్పేది, మా దాంట్లో లేదు. అనుమానం వచ్చి, "ఎస్‌ఎస్‌హెచ్‌డీ" కి పెద్ద అక్షరం టీ ఇచ్చి నిజంగా అమల్లో ఉన్న సెట్టింగ్‌లు అడిగాను. పాస్‌వర్డ్ లాగిన్ "యెస్" అని, అంటే ఇంకా అనుమతి ఉందని, చూపించింది.

ఆ లైను ఎవరు తీసేశారో అర్థం కావడం లేదు. చేతులు చల్లబడ్డాయి.

ప్యాకేజీపని | గురువారం, రాత్రి 11:37

ఎవరూ తీసేసి ఉండకపోవచ్చు. ఇన్‌క్లూడ్ అనే సదుపాయం ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌లో 2020లో, 8.2 వెర్షన్‌తో వచ్చింది. 2019లో విడుదలైన డెబియన్ 10లో ఉన్నది 7.9. మీ మెషీన్ అప్పటిదో, అంతకంటే పాతదో అయి ఉంటుంది. డెబియన్ 11కి వెళ్లినప్పుడు ఎవరో "పాతదే ఉంచు" అని ఉంటారు. కొత్త ఫైలుతో వచ్చిన ఆ ఒక్క లైనూ మీ దగ్గరికి చేరలేదు. డైరెక్టరీ మాత్రం వచ్చింది. మీ ముందువాళ్లు డైరెక్టరీ ఉంది కదా అని నమ్మి అందులో ఫైలు పెట్టారు. ఈటీసీలో .యూసీఎఫ్-డిస్ట్ ఏదైనా మిగిలి ఉందేమో చూడండి.

కొత్తసర్వర్ | గురువారం, రాత్రి 11:44

ఉందండి. అదే డైరెక్టరీలో. తేదీ చూస్తే మూడేళ్ల పైనే అయింది.

పాతటెర్మినల్ | గురువారం, రాత్రి 11:52

శనివారం దాకా ఆగొద్దు, అసలు మెషీన్ల మీద ఇప్పుడే చేయండి. మీ కీతో లాగిన్ అవుతోందో ముందు చూసుకోండి. ఇన్‌క్లూడ్ లైను మెయిన్ ఫైలులో అన్నిటికంటే పైన పెట్టండి, కింద పెడితే మొదట చదివిన విలువే నెగ్గుతుంది. చిన్న అక్షరం టీతో ఫైల్లో తప్పులు లేవని చూసి, అప్పుడు రీలోడ్ చేయండి. ఇప్పుడున్న కనెక్షన్ మూయకుండా, ఇంకో విండోలోంచి కొత్తగా లాగిన్ అయి చూడండి. పాస్‌వర్డ్‌తో కూడా ఒకసారి ప్రయత్నించండి, ఒప్పుకోకూడదు. తర్వాత లాగిన్ లాగ్‌లు ఎంత వెనక్కి ఉంటే అంత వెనక్కి చదవండి. పాస్‌వర్డ్‌తో ఎవరెవరు, ఏ అడ్రస్ నుంచి వచ్చారో అందులో ఉంటుంది.

కొత్తసర్వర్ | శుక్రవారం, తెల్లవారుజామున 1:20

రెండు మెషీన్లలోనూ చేశాను. పాస్‌వర్డ్‌తో ఇక ఒప్పుకోవడం లేదు, కీతో వస్తోంది. లాగ్‌లు ఐదు వారాల వెనక్కే ఉన్నాయి. ఆ ఐదు వారాల్లో పాస్‌వర్డ్‌తో వచ్చినవి రెండే, రెండూ మా ఆఫీసు అడ్రస్ నుంచే. ఆ అకౌంట్ వాడే ఆయనని పొద్దున అడుగుతాను. పాస్‌వర్డ్‌లు మాత్రం ఇప్పుడే మార్చేశాను.

రాత్రిడ్యూటీ | శుక్రవారం, తెల్లవారుజామున 2:05

ఇది చదివి నా అరవైలో ఇన్‌క్లూడ్ లైను వెతికాను. ఏడింటిలో లేదు. అన్నీ డెబియన్ 10 నుంచి ఎక్కించుకుంటూ వచ్చినవే. ఇప్పుడు వాటి మీద ఉన్నాను.